ఆదాము అను గృహయంత్రము



చరిత్ర యనగానే మనకు రాజులును, కోటలును, తామ్రశాసనములును స్మరణకు వచ్చును. కాని మనుష్యుడు తన చేతులతో చేసికొన్న వస్తువులకు గూడ చరిత్ర కలదు. నాగలికి కలదు, మగ్గమునకు కలదు, మన యిండ్లలోని కుట్టుమిషనుకు కలదు. నేడు మీ మనుమల చేతులలో మెఱయుచున్న చేతిఫోనునకు గూడ పూర్వులు కలరు. ఆ వంశమున పుట్టి, అల్పాయువై పోయిన యొక యంత్రము కథ నేడు మనవి చేయుదును. గెలిచినవాని కథలు చెప్పువారు పెక్కురు. నిలువలేక పోయినవాని కథ నడుగువారు తక్కువ. నేను ముప్పదియేండ్లకు పైగా పరీక్షకాగితములు దిద్దినవాడను. నూటికి నూఱు వచ్చిన కాగితము చూచుటకు ముచ్చటగా నుండునేగాని, పిల్లవానికి పాఠ మెక్కడ తెగినదో చెప్పునది తప్పిన కాగితమే.

ఆ యంత్రము పేరు ఆదాము. క్రైస్తవుల బైబిలు గ్రంథమున మొదటి మానవుని పేరది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1983వ సంవత్సరమున కోలెకో యను సంస్థ దానిని అంగళ్ళకు తెచ్చెను. ఇంటిలో వ్రాతకును, లెక్కలకును పనికివచ్చు కంప్యూటరు అది. పిల్లలాడుకొను వీడియో ఆటల యంత్రము గూడ అదియే. ఒక సరకు రెండు పనులకు వచ్చినచో రెండింతలు అమ్ముడుపోవలెనని వర్తకుని లెక్క. ఆ లెక్క తప్పినది. పదునైదు మాసములైనను నిండకమునుపే, 1985 జనవరిలో, సంస్థ దాని నిర్మాణమును మానుకొనెను.

ఇచ్చట మాటను గూర్చి యొక మాట. కంప్యూటరును గణకయంత్రమని కొందఱందురు. గణకుడనగా మన వాఙ్మయమున లెక్కలు కట్టువాడు, జ్యోతిష్కుడు. ఆంగ్లమున గూడ కంప్యూటరనునది మొదట లెక్కలు కట్టు మనుష్యునికే పేరు. యంత్రమునకు తరువాత సంక్రమించినది. రెండు భాషలవారును ఒకే త్రోవను నడచిరన్నమాట. అయినను పల్లెలో పాలకేంద్రమువద్ద గూడ కంప్యూటరను మాటయే చెల్లుచున్నది గనుక నేనును దానినే వాడుదును.

కోలెకో సంస్థ పుట్టుక చిత్రమైనది. అమెరికా ఈశాన్యభాగమున కనెక్టికట్ అను చిన్న రాష్ట్రము కలదు. దాని ముఖ్యనగరము హార్ట్‌ఫర్డ్. 1932లో, లోకమంతయు ఆర్థికమాంద్యమున క్రుంగియున్న దినములలో, రష్యానుండి వలసవచ్చిన మారిస్ గ్రీన్‌బర్గ్ అను నాతడు అచ్చట నొక తోలు వ్యాపారమును స్థాపించెను. చెప్పులు, బూట్లు బాగుచేయువారికి తోలును, దానికి వలయు సామగ్రిని సరఫరా చేయుట వారి పని. కనెక్టికట్ లెదర్ కంపెనీ యని దాని పేరు. లెదరనగా తోలు. ఆ మూడు మాటల మొదళ్ళను కూర్చి, తరువాత కోలెకో యని పొట్టిచేసిరి. మన వ్యాకరణమునకు లొంగని సమాసమే యైనను నోటికి సుఖముగనే యున్నది.

తోలు మిగిలినపుడు వారు దానితో పిల్లలు కుట్టుకొను ఆటవస్తువుల పొట్లములు చేసిరి. అవి అమ్ముడుపోగా ఆటవస్తువులలో లాభము కలదని తెలిసెను. తరువాత ప్లాస్టిక్కు పనిలో దిగి, పిల్లలు పెరటిలో నీళ్ళాడుకొను తొట్లను చేసి, ఆ వ్యాపారమున పేరు గాంచిరి. వ్యాపారము మారిస్ చేతినుండి కుమారులైన లెనర్డ్, ఆర్నల్డ్ అనువారి చేతికి వచ్చెను. తోలునుండి ప్లాస్టిక్కునకు, ప్లాస్టిక్కునుండి విద్యుద్యంత్రములకు దుముకుటలో ఈ సోదరులకు జంకు లేదు. ఏ గాలి వీచుచున్నదో కనిపెట్టి తెరచాప నెత్తుట వారి విద్య. ఆ విద్య చెడ్డదని నేననను. దానివలననే యాసంస్థ యాబదియేండ్లు బ్రదికినది.

1976లో వారు టెల్‌స్టార్ అను ఆటయంత్రమును చేసిరి. టెలివిజను తెరపై నొక తెల్లని చుక్క అటునిటు పోవుచుండును. ఇరువురు రెండు గీతలను పైకిని క్రిందికిని కదుపుచు దానిని కొట్టవలెను. అంతే ఆట. మన బిళ్ళంగోడులోని చాతుర్యమున పదవవంతైనను ఇందు లేదు. అయినను జనులెగబడి కొనిరి. ఇట్టి యంత్రములు చేయ నెంచిన సంస్థలు అనేకము. అన్నిటికిని ప్రాణమువంటి చిన్న చిప్పును చేయునది జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ అను సంస్థ. అడిగినవారందఱికి నీయజాలినన్ని చిప్పులు దానియొద్ద లేకపోయెను. కోలెకో ముందుగా అడిగియుండెను గనుక దానికి మాత్రము నిండుగా దొరకెను. తక్కినవారు వట్టిచేతులతో నిలిచిరి.

కాని ఆ యేడే యొక గండము వచ్చినది. శ్రోతలకు అనుభవములో నున్న సంగతియే: మనము రేడియో వినుచుండగా ప్రక్కన మోటారు త్రిప్పినచో బరబరమని చప్పుడు వచ్చును. విద్యుద్యంత్రములు కంటికి కనబడని తరంగములను వెదజల్లును. అట్టి బాధ ఇరుగుపొరుగువారికి కలుగకుండ, ప్రతి యంత్రమును పరీక్షించి అనుమతినిచ్చు ప్రభుత్వసంఘ మొకటి అమెరికాలో కలదు. టెల్‌స్టారు ఆ పరీక్షలో తప్పెను. కొలది దినములలో సరిదిద్దుకొని రానిచో వరుసలో వెనుకకు పోవలెను. పోయినచో అమ్మకపు కాలము దాటిపోవును. చిప్పులు కొని, పెట్టెలు చేసి, సొమ్మంతయు అందు పోసియుండిరి. అప్పుడు టెలివిజను ఆటలకు ఆద్యుడని పేరుపొందిన రాల్ఫ్ బేర్ అను నిపుణుని ఆశ్రయించిరి. ఫెరైటు అను ఇనుప సమ్మేళనముతో చేసిన చిన్న కడియమును తీగకు తొడుగుడని ఆయన చెప్పెను. తొడిగిరి. యంత్రము పరీక్షలో నెగ్గెను. ఆ యేడు టెల్‌స్టార్లు పదిలక్షలకు పైగా అమ్ముడుపోయెను.

నా అభిప్రాయమున ఆదాము పతనమునకు బీజము ఈ విజయముననే పడినది. వంతెన సగము కట్టి బండి తోలినవాడు ఒకమాఱు దైవవశమున ఆవలిగట్టు చేరెననుకొనుడు. రెండవమాఱు గూడ అట్లే తోలును. తొందరలో జరిగిన లోపమును చివరి దినమున నొక కడియముతో సరిపుచ్చవచ్చునను నమ్మకము ఆ సంస్థ నరములలో దిగినట్లున్నది. ఆ వెనువెంటనే దానికి బుద్ధిచెప్పు సంఘటన కూడ కలిగినది. టెల్‌స్టారులో పలువిధముల యంత్రములను చేసి గిడ్డంగులు నింపుకొనగా, లోకులు మఱింత మేలైన ఆటలకు మరలిరి. 1978లో సంస్థకు గొప్ప నష్టము వచ్చెను. అప్పటికిని దూకుడు తగ్గలేదు.

1982లో కోలెకోవిజన్ అను ఆటయంత్రముతో వారి దశ మఱల తిరిగినది. ఆటలను చిన్న పెట్టెలవలె వేఱువేఱుగ కొని దీనిలో దూర్చి యాడుకొనవచ్చును. జపానుదేశమునందలి నింటెండో సంస్థవారి డాంకీకాంగ్ అను ఆటను దీనితో కలిపి ఇచ్చిరి. ఒక మహావానరము కన్య నెత్తుకొనిపోవును. ఒక వడ్రంగి, దొర్లివచ్చు పీపాలను దూకుచు, నిచ్చెన లెక్కి ఆమెను విడిపింపవలెను. మన రామాయణమున పోయిన తల్లిని వెదకి కనుగొన్నది వానరుడే; అచ్చట కథ తలక్రిందైనది! అది యెట్లున్నను, అంగళ్ళలో నాణెములు వేసి యాడు పెద్ద యంత్రమునందలి బొమ్మలు ఇంటిలో ఇంచుమించు అట్లే కనబడుటచే జనులు ముగ్ధులైరి. ఈ యంత్రములు పదిలక్షల సంఖ్యను దాటెను. తోలువ్యాపారి కుమారులు ఆటల లోకమున రాజులైరి.

ఇట్లుండగా కాలము మాఱినది. 1983 నాటికి అమెరికాలో ఆటయంత్రములు, ఆటలు మితిమీఱి అంగళ్ళలో గుట్టలు పడెను. పనికిమాలిన ఆటలు కొని మోసపోయినవారు కొనుటయే మానిరి. మఱియొకవంక ఇంటి కంప్యూటర్లు చవకయై వచ్చెను. కామడోర్ అను సంస్థ ధరలను నఱకివేయగా, తక్కినవారును నఱుకవలసివచ్చెను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను మహాసంస్థ తన కంప్యూటరును నూఱు డాలర్లలోపునకే అమ్మి, నష్టమును భరింపలేక, ఆ యేటి అక్టోబరులో ఆ రంగమునే విడిచిపోయెను. కొమ్ములు తిరిగినవారే తప్పుకొన్న బరి అది.

ఆ రంగమున వర్తకులు తల్లిదండ్రుల మనసున నొక భయమును నాటిరి. ఇంటిలో కంప్యూటరు లేని పిల్లవాడు చదువులో వెనుకబడునని ప్రకటనలు చెప్పెను. కాలేజీకి పోయిన కుమారుడు తప్పి రైలులో తిరిగివచ్చినట్లు చూపిన ప్రకటన గూడ నొకటి యుండెను. ఆటయంత్రము కొందురా, చదువుయంత్రము కొందురా యను ప్రశ్నకు ఏ తండ్రి యేమి చెప్పును? ఈ భయము మనవైపునకు గూడ తరువాత వచ్చినదే. నేను పనిచేసిన యొక బడికి మొదటి కంప్యూటరు వచ్చిన యేడు, దుమ్ము పడునని దానిని గదిలో పెట్టి తాళము వేసిరి. ఆ యేడంతయు పిల్లలకు దాని గుడ్డకప్పుతో మాత్రమే పరిచయము.

ఆటల అమ్మకము సన్నగిలుచున్నది. కంప్యూటర్లపై మోజు పెరుగుచున్నది. కోలెకోవారు రెంటిని ఒక్కచో కూర్చుట కాలోచించిరి. ఆ యాలోచన మంచిది. ఈమాట గట్టిగ చెప్పుచున్నాను. ఏలయన తరువాత జరిగినదానిని చూచి ఆదామును మొదటినుండియు వెఱ్ఱిపని యనువారు కలరు. ఆ దినములలో కంప్యూటరు కొనుట గుఱ్ఱము కొనుటవంటిది. గుఱ్ఱము చవకయే, జీనునకు వేఱు, కళ్ళెమునకు వేఱు, నాడములకు వేఱు! కంప్యూటరు తెచ్చి ఇంట పెట్టుకొన్న పిమ్మట, వ్రాసినది దాచుకొనుటకు నొక సాధనము, కాగితముపై అచ్చొత్తుటకు నొక సాధనము, వ్రాయించుటకు నొక ప్రోగ్రాము, ఇట్లు ఒక్కొక్కటి కొనుచు పోగా మొదటి ధరకు మూడింతలయ్యెడిది.

ఆదామునందు ఇవన్నియు ఒక్క పెట్టెలో నుండెను. పెద్దదైన చక్కని మీటలపలక, ఆటలాడు పిడులు, 80 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, ప్రోగ్రాములను, వ్రాతలను దాచు టేపు, టైపురైటరువలె స్ఫుటమైన అక్షరములను అచ్చొత్తు ప్రింటరు. బైటనగా ఇంచుమించు ఒక ఆంగ్లాక్షరము పట్టు చోటు. 80 కిలోబైట్లనగా ఎనుబదివేల యక్షరములకు మించిన చోటన్నమాట. నేటి చేతిఫోనులో దానికి లక్షల రెట్లు పట్టును గాని ఆనాటి గృహములలో అది కొంచెముకాదు. టెలివిజనుకు తగిలించి మీట నొక్కినంతనే అది టైపురైటరై పనిచేయుటకు సిద్ధముగ నుండెడిది. ఇదివఱకే కోలెకోవిజన్ కొన్నవారికి, దానికే అతికించుకొని కంప్యూటరు చేసికొను విధమున నింకొక రూపము కూడ కల్పించిరి. ఆ ఆటలన్నియు దీనిలోను ఆడును. ఒక గృహస్థు దీనిని చూచి, పిల్లవాని చదువునకు, తన యుత్తరములకు, సాయంకాలపు వినోదమునకు ఇదియొక్కటి చాలునని తలపోసిన దానిలో వింత లేదు.

1983 జూనులో చికాగో నగరమున జరిగిన విద్యుద్యంత్రముల ప్రదర్శనలో ఆదామును లోకమునకు చూపిరి. ఆ క్రిస్మసు పండుగలోగా 5,00,000 యంత్రములు అమ్ముదుమని చాటిరి. ఆగస్టునకే సరకు వచ్చునని చెప్పిరి. అప్పటికి యంత్రము పూర్తికాలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఆర్నల్డ్ గ్రీన్‌బర్గు వినియుండడు.

ఆ ప్రదర్శనలో జరిగిన యొక చిన్న సంగతి పెద్ద ఫలమునకు దారితీసినది. కోలెకోవారు ఆదాముపై డాంకీకాంగ్ ఆటను ఆడించి చూపిరి. ఆటలలో వారికి పోటీదారైన అటారీ సంస్థ ఆ సమయమున నింటెండోవారితో నొక గొప్ప ఒప్పందమునకు సిద్ధమగుచుండెను. నింటెండోవారు జపానులో విడుదల చేయనున్న తమ సొంత ఆటయంత్రమును విదేశములలో అటారీ అమ్మవలెనని ఆ యొప్పందము. కంప్యూటర్లపై డాంకీకాంగ్ హక్కు తమదనుకొన్న అటారీవారు, అది ఆదాము తెరపై నాడుట చూచి మండిపడిరి. ఒప్పందము ఆగెను. అంతలో అటారీ యధిపతి పదవి పోవుటయు, ఆ సంస్థ నష్టములలో మునుగుటయు జరుగగా, అది మఱల లేవనేలేదు. నింటెండోవారు 1985లో తమ యంత్రమును తామే అమెరికాకు తెచ్చి, ఆ విపణిని జయించిరి. ఆదాము తాను బ్రదుకలేదు గాని ఇతరుల జాతకములను మార్చినది. దీని నంతయు ఆదాముపైననే మోపుట అతిశయోక్తి. అటారీ అప్పటికే క్షీణించుచుండెను.

ఆగస్టు వచ్చెను, యంత్రము రాలేదు. సెప్టెంబరు వచ్చెను, రాలేదు. అక్టోబరులో రాసాగెను. ఈలోపల 525 డాలర్లుగా తలపెట్టిన ధర 725 డాలర్లవఱకు పెరిగెను. నాటి మారకమున డాలరునకు సుమారు పదిరూపాయలు. మన లెక్కను ఏడువేల రూపాయలకు పైమాట. పోటీయంత్రముల ధరలన్నియు దిగుచున్న యేటనే దీని ధర యెక్కుట చూడుడు. ఆ యేటి చివఱకు అంగళ్ళకు పంపగలిగినవి సుమారు 95,000 మాత్రమే. చెప్పినది ఐదులక్షలు.

తక్కువ పంపుటకంటె పెద్దకీడు, పంపినవానిలో ననేకము చెడియుండుట. పండుగకు కొనిపోయినవారు పండుగ వెళ్ళక మునుపే అంగడికి మోసికొని వచ్చిరి. ఆ యంత్రము తేలికైనదికాదు, పెద్దపెట్టె. తండ్రి దానిని భుజాన వేసికొని పోవుటయు, పిల్లవాడు వెంట నడచుటయు ఊహించుకొనుడు.

లోపములు రెంటిని చెప్పెదను. ఇందులో మన బుద్ధికి పని కలదు. మొదటిది విద్యుత్తు సంగతి. ప్రతి యంత్రమునకును విద్యుత్తును తగిన మోతాదున మార్చియిచ్చు భాగ మొకటి యుండవలెను. ఆదామున దానిని ప్రింటరులో పెట్టిరి. పొదుపునకై యట్లు చేసిరి కాబోలు. దాని ఫలమేమనగా, ప్రింటరులోని ఆ భాగము చెడినచో ప్రింటరే కాదు, కంప్యూటరు, టేపు, ఆటలు సమస్తము నిలిచిపోవును. ఉత్తరము అచ్చొత్తనక్కఱలేదు, ఆటమాత్ర మాడుకొందు మన్నను కుదరదు. ప్రింటరును బాగుచేయుటకు పంపినచో, అది తిరిగివచ్చువఱకు మిగిలిన యంత్రము మూగదై కూర్చుండును. వంటయింటిదీపము పాడైనచో ఇల్లంతయు చీకటియగునట్లు తీగలు వేసిన మేస్త్రీని మనమేమందుము? అందులోను యంత్రమున మిక్కిలిగ కదలు భాగము, అనగా త్వరగా అరుగునది, ప్రింటరే. అది నెమ్మదిగా, పెద్దచప్పుడుతో పనిచేసెడిది. ప్రక్కగదిలో నిద్రించువారికి దాని శబ్దము వినబడెడిదందురు.

రెండవది టేపు సంగతి. ఈ టేపు చూపునకు మన హరికథల క్యాసెట్టు వంటిదే. క్యాసెట్టును అయస్కాంతమునొద్ద ఉంచినచో పాట చెఱిగిపోవునని పెద్దలకు తెలియును. స్పీకరుపై పెట్టి పోగొట్టుకొన్నవారును మనలో కలరు. ఆదామును వెలిగించిన క్షణమున దానినుండి యొక విద్యుదయస్కాంతపు తాకిడి పుట్టెడిది. టేపు అప్పటికే లోపలనో దగ్గఱనో యున్నచో అందలి వ్రాత చెఱిగిపోవుటకు అవకాశము కలదు. ఒక్కొక్క టేపున 256 కిలోబైట్లు, అనగా చిన్న పుస్తకమంత వ్రాత పట్టును. కుమారుడు వారముదినములు కూర్చుండి కట్టిన పాఠమో, తల్లి వ్రాసికొన్న లెక్కలో, ఒక్క మీటతో మాయము. అంతకుమించిన సంగతి యేమనగా, సంస్థవారు యంత్రముతో నిచ్చిన కొన్ని పుస్తకములలో, ముందు టేపు పెట్టి తరువాత యంత్రమును వెలిగింపుడని వ్రాసియుండెను! ఈ దోషము బయటపడక మునుపు అచ్చువేసిన పుస్తకములై యుండును. చెప్పినట్లు చేసిన శ్రద్ధాళువే ఎక్కువగా నష్టపోయెనన్నమాట. ఉపాధ్యాయుడు చెప్పినట్లే వ్రాసిన శిష్యుడు తప్పినచో ఆ పాపము ఎవరిది?

ఈ రెండు లోపములును కొన్ని మాసముల పరీక్షలో తేలెడివే. వెలిగించుట, ఆర్పుట, టేపు పెట్టుట, తీయుట, ఈ నాలుగు పనులను వేయిసార్లు చేసి చూచినచో దాగునవి కావు. కాని వారికి కాలము లేదు. కాలము లేకుండ చేసికొన్నది వారే. పండుగ తేది ముందే నిశ్చితము. చాటింపు జరిగిపోయినది. ఏడేండ్లక్రితము టెల్‌స్టారునకు లోపము సంస్థ గడప దాటక మునుపే ప్రభుత్వపరీక్షలో పట్టుబడినది. అందుచేత ఒక్క కడియముతో పోయినది. ఆదాము లోపములు కొన్నవారి ఇండ్లలో పట్టుబడినవి. 95,000 ఇండ్లకు కడియములు తొడుగగలవారెవరు?

అదే పండుగలో అదే సంస్థకు జరిగిన యింకొక విశేషమును చెప్పకున్న కథ సగమగును. 1983లో వారు క్యాబేజ్ ప్యాచ్ కిడ్స్ అను గుడ్డబొమ్మలను గూడ అమ్మిరి. జార్జియా రాష్ట్రమువాడైన జేవియర్ రాబర్ట్స్ అను యువకుని బొమ్మలకు హక్కు పొంది చేసినవవి. క్యాబేజీతోటలో పుట్టిన పసిబిడ్డలని కల్పన. ఏ రెండు బొమ్మలకును ముఖము ఒక్కరీతిగ నుండదు. ప్రతిదానికి నొక పేరు, దత్తత పత్రము. కొన్న పిల్లది సంతకము చేసి బిడ్డను దత్తత తీసికొన్నట్లు భావించును. ఆ పండుగకు ఈ బొమ్మలకై తల్లిదండ్రులు అంగళ్ళ ముందు వరుసలు గట్టి, త్రోసికొని, కొట్లాడుకొనిరి. కంప్యూటరు తిరిగివచ్చుచున్న గుమ్మముననే గుడ్డబొమ్మకై జనులు పడిగాపులు పడిరి. లోపల యంత్రము లేనిది, తీగ లేనిది, చెడుటకేమియు లేనిది సంస్థను నిలిపినది. పిల్లలకు కావలసినదేదో పెద్దలకు తెలియునను గర్వము ఈ యుదంతముతో కొంత అణగవలెను.

1983 కడపటి మూడుమాసములలో కోలెకోకు మూడున్నర కోట్ల డాలర్ల నష్టము వచ్చెను. కారణము చెప్పవలసివచ్చినపుడు సంస్థవారు, యంత్రముతో నిచ్చిన పుస్తకములు క్రొత్తవారికి చాలినంత సాయము చేయలేదని చెప్పిరి. ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నది. పుస్తకము బాగులేదన్నది నిజమే; కాని మంచిపుస్తకమున్నంత మాత్రమున ప్రింటరులోని విద్యుత్తు వచ్చి మీటలపలకలో చేరునా?

1984లో పుస్తకములను తిరిగి వ్రాయించిరి, ధర తగ్గించిరి, ఆదాము కొన్న యింటిపిల్లవాని కాలేజీచదువునకు 500 డాలర్ల వేతన మిత్తుమని ప్రకటించిరి. యంత్రమును గూడ చాలవఱకు బాగుచేసిరి. తరువాత వచ్చిన యంత్రములు మొదటివానికంటె నమ్మదగినవని వాడినవారు చెప్పుదురు. అయినను కొనువారు రాలేదు. మందు దొరకునప్పటికి రోగిపై నమ్మకము పోయినది. ఆటలు వ్రాయువారు, ప్రోగ్రాములు వ్రాయువారు ఇతర యంత్రములకు వెడలిరి; వ్రాసినవారు లేనందున కొన్నవారు లేరు, కొన్నవారు లేనందున వ్రాయువారు లేరు. బీజాంకురన్యాయమని మన శాస్త్రకారులు చెప్పు చక్రము తలక్రిందుగ తిరుగుట మొదలిడెను. 1985 జనవరిలో ఆదామును విడిచితిమని సంస్థ ప్రకటించినది. బొమ్మలపై మోజు మఱికొన్ని యేండ్లు దానిని నడపి, తగ్గిపోగానే, 1988లో సంస్థ దివాలాకు న్యాయస్థానము నాశ్రయించెను. మఱుసటి యేట దాని ఆస్తిలో ముఖ్యభాగమును హాస్‌బ్రో యను ఆటవస్తువుల సంస్థ కొనెను. తోలుదుకాణము పెట్టిన 56 ఏండ్లకు ఆ పేరుతో వ్యాపారము ముగిసినది.

కాని కొన్నవారి కథ అంతటితో ముగియలేదు. సంస్థ విడిచిన యంత్రమును వాడుకదారులు విడువలేదు. ఊరూర చిన్న సంఘములుగ కూడి, చేతితో కూర్చిన వార్తాపత్రికలను ఒండొరులకు పంపుకొనుచు, ఎవరికి తెలిసిన మరమ్మతును వారు తక్కినవారికి చెప్పిరి. ఏ ప్రోగ్రాము ఎక్కడ దొరకునో, టేపు చెఱుగకుండుట కేమి చేయవలెనో వ్రాసికొనిరి. 1989 మొదలు ఆదాము సమావేశములని పేరుపెట్టి ఏటేట కలిసికొనుటయు జరిగినది. వ్యాపారి అమ్మిన ఇల్లు పగులగా, అందున్నవారే మట్టి కలిపి గోడలు పూసికొన్నట్లు, అనాథయైన యంత్రమును వారు పోషించిరి. ఈ పని యెవరికిని లాభము తెచ్చునది కాదు. నేడు గూడ పాతయంత్రములపై మక్కువగల వారియొద్ద ఆదాములు కలవు. వారు దానికి మొదట చేసిన చికిత్స యొక్కటే: ప్రింటరుతో సంబంధము లేకుండ, విద్యుత్తుకు వేఱొక చిన్న పెట్టెను అమర్చుట. ఇప్పుడు ప్రింటరు అటకపై పడియున్నను కంప్యూటరు వెలుగుచున్నది.